కృషి నుండి పరిశ్రమకు: శంషాబాదు నేల చెప్పే సాక్ష్యం

శంషాబాదు అన్న పేరు చెవిని పడగానే నేడు మనకు మొట్టమొదట స్ఫురించేది విమానాశ్రయం. 2008 మార్చి 23వ తేదీన అక్కడ విమానాల రాకపోకలు ఆరంభమైనవి. బేగంపేటలోని పాత విమానాశ్రయం నుండి నిత్యం నడిచే ప్రయాణికుల విమానాలు ఆగిపోయినవి. 4,260 మీటర్ల రన్‌వే, సుమారు 5,500 ఎకరాల ఆవరణ, 2023-24 సంవత్సరంలో దాదాపు రెండున్నర కోట్లమంది ప్రయాణికులు - ఇవి ఇప్పటి లెక్కలు. అంతకు ఒక తరం ముందు ఇది బెంగుళూరు పోయే బాటమీది ఒక ఊరు. రైలు ఉమ్దానగర్ అనే చిన్న స్టేషనులో ఆగేది. చుట్టుప్రక్కల మెట్టచేలలో జొన్న, కంది, ఆముదం పండేవి. చెరువుల క్రింద వరి పండేది.

ఇట్టి మార్పు మనకు మాత్రమే కలిగినది కాదు. నేడు కర్మాగారాలతో, నౌకలతో, విమానాలతో తులతూగుతున్న దేశాలన్నీ ఒకనాడు నాగలిని నమ్ముకొని బ్రతికినవే. ఆయా దేశాలు కృషి జీవనం నుండి పరిశ్రమల జీవనానికి ఎట్లా మళ్ళినవో పోల్చి చూచేటప్పుడు సాధారణంగా బొగ్గు ఎంత, ఇనుము ఎంత, యంత్రాలు ఎన్ని అని లెక్క వేస్తారు. మేము ఈ ప్రసంగంలో మరొక కొలత తీసుకొనదలచినాము. పొలం ఏ షరతులపై చేతులు మారినది? దానిని దున్నినవానికి క్రొత్త సంపదలో పాలు దక్కినదా, లేదా? ఈ ప్రశ్న వేసి చూస్తే దేశాల చరిత్రలు మరొక విధంగా కనబడతవి.

ఈ మార్పును మొదట చవిచూచినది ఇంగ్లండు. ఆ దేశపు పల్లెలలో ఒకప్పుడు చాలా పొలాలకు కంచెలు ఉండేవి కావు. పంట ఎత్తిన తరువాత బీళ్ళలో ఊరివారి పశువులన్నీ మేసేవి. బంజరులో పుల్లలు ఏరుకొనే హక్కు, ఒక ఆవును తోలుకొనే హక్కు పేదవానికి కూడా ఉండేది. ఆ హక్కులలో చాలవాటికి కాగితం లేదు. తరతరాల వాడుకే సాక్ష్యం. 1604 నుండి 1914 వరకు బ్రిటిషు పార్లమెంటు 5,200కు పైగా శాసనాలు చేసి సుమారు 68 లక్షల ఎకరాలకు కంచెలు వేయించినది. అందులో అధికభాగం పద్దెనిమిదవ శతాబ్దం ఉత్తరార్ధం నుండి పందొమ్మిదవ శతాబ్దం తొలి దశాబ్దాల వరకు జరిగినదే. పత్రం చూపగలిగినవానికి కంచె లోపల వంతు వచ్చినది. వాడుక మాత్రమే చెప్పుకోగలిగినవానికి స్వల్పం దక్కినది, లేదా ఏమీ దక్కలేదు. తన వంతుకు వచ్చిన కొద్దిపాటి నేలకు కంచె వేసే ఖర్చు భరించలేక అమ్ముకొన్న చిన్న రైతులూ ఉన్నారు.

ఈ విధంగా ఆధారం పోయినవారే మిల్లులను నింపినారా, లేక జనసంఖ్య పెరగడమే నగరాలను నింపినదా అన్న విషయమై చరిత్రకారులలో నేటికీ వాదం ఉన్నది. 1851 జనాభా లెక్కలనాటికి ఇంగ్లండు, వేల్సు ప్రాంతాలలో సగానికి మించిన జనం పట్టణవాసులైనారన్నది మాత్రం నిర్వివాదం. పట్టణపు కార్మికులలో పెక్కుమందికి వోటు 1867లో వచ్చినది. పల్లెకూలీకి 1884 వరకు ఆగవలసి వచ్చినది. అంటే భూమి చేతులు మారిన కాలమంతా దానిపై బ్రతికినవానికి శాసనసభలో నోరు లేదు. పరిశ్రమ ముందు వచ్చినది. హక్కులు రెండు తరాల తరువాత వచ్చినవి.

జపాను మార్గం వేరు. 1868లో మెయిజీ చక్రవర్తి పేరిట ఏర్పడిన క్రొత్త ప్రభుత్వానికి కర్మాగారాలు కావలసి ఉండెను, పెట్టుబడి లేదు. 1873లో ఆ ప్రభుత్వం భూమికి వెలకట్టి, ఆ వెలలో నూటికి మూడు వంతున నగదు పన్ను విధించినది. పండినా, పండకపోయినా చెల్లించవలసినదే. రైతులు తిరగబడిన తరువాత 1877లో అది రెండున్నరకు తగ్గినది. 1872లో తోమియోకాలో ప్రభుత్వమే పట్టుదారపు మిల్లు స్థాపించినది. రైతు ఇంట పెరిగిన పట్టుకాయ ఎగుమతియై విదేశపు యంత్రాన్ని కొని తెచ్చినది. అక్కడ రైతు పొలం విడిచిపెట్టలేదు, కాని పొలంపై వచ్చినదానిలో గణనీయమైన భాగం పరిశ్రమకు ధారపోసినాడు. పన్ను కట్టలేనివారు భూమిని కోల్పోయి కౌలుదారులైనారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి సాగుభూమిలో సుమారు 46 శాతం కౌలు క్రింద ఉండేది. యుద్ధానంతరం వచ్చిన భూసంస్కరణ దానిని పది శాతం ప్రాంతానికి దించినది.

సోవియట్ రష్యా ఇంకొక త్రోవ త్రొక్కినది. 1928లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైనది. మరుసటి ఏడు చివరినుండి రైతుల భూములను, పశువులను బలవంతంగా సమష్టి క్షేత్రాలలో కలిపివేసినారు. నగరాలకు, ఎగుమతికి కావలసిన ధాన్యాన్ని పల్లెలనుండి పెరికి తీసుకొన్నారు. ఉక్కు కర్మాగారాలు లేచినవి. 1932-33 సంవత్సరాల క్షామంలో ఉక్రెయిను, కజకిస్తాను మొదలైన ప్రాంతాలలో లక్షలాది ప్రజలు ఆకలితో మరణించినారు. వేగాన్ని మాత్రమే కొలతగా పెట్టుకొంటే ఇది విజయంగా కనబడుతుంది. మా కొలతకు మాత్రం ఇది నిలువదు.

ఈ మూడింటికీ భిన్నమైన ఉదాహరణ తైవాను. 1949లో అక్కడ కౌలును ప్రధాన పంటలో 37.5 శాతానికి మించరాదని నిర్ణయించినారు. 1953లో దున్నేవానికే భూమి అనే చట్టం వచ్చినది. భూస్వామివద్ద పరిమితికి మించిన కౌలుభూమిని ప్రభుత్వం కొని కౌలుదారునికి వాయిదాలపై ఇచ్చినది. అయితే భూస్వామికి వెల చెల్లించిన తీరులోనే విశేషం ఉన్నది. నూటికి డెబ్బది వంతులు ధాన్యపు విలువతో ముడిపెట్టిన బాండ్లు. మిగిలిన ముప్పది వంతులు సిమెంటు, కాగితం మొదలైన నాలుగు ప్రభుత్వ సంస్థలలో వాటాలు. ఆ వాటాలను తక్కువ ధరకు అమ్ముకొన్నవారు చాలామందే ఉన్నారు. అయినా పొలాన్ని వదులుకొన్నవానికి పరిశ్రమలో వాటా ఇవ్వవచ్చునన్న ఆలోచన చట్టరూపం దాల్చినది. దున్నేవాడు యజమాని అయినాడు. అతని చేతిలో మిగిలిన నాలుగు డబ్బులే ఊరూరా వెలసిన చిన్న పరిశ్రమలకు గిరాకీని కల్పించినవి.

ఇక మన నేలకు వద్దాం. హైదరాబాదు సంస్థానంలో భూమి ఒక్క తీరున ఉండేది కాదు. దాదాపు ఆరు పాళ్ళు ప్రభుత్వపు దివానీ. ఒక పాలు నిజాము సొంత సర్ఫేఖాస్. మిగిలిన మూడు పాళ్ళూ జాగీర్లు. జాగీర్లలో పెద్దవి పాయిగా వంశంవారివి. ఆ వంశపు పెద్దలకున్న 'షమ్సుల్ ఉమరా' బిరుదు నుండియే శంషాబాదుకు ఆ పేరు వచ్చినదని చెబుతారు. ఊరి పేరే జాగీరుదారు బిరుదైనచోట దున్నేవాని పేరు ఏ కాగితంలో ఉంటుంది? 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో వెట్టి, బేదఖలు అన్న రెండు మాటలు మారుమ్రోగడానికి కారణం ఇదే. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చినది. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం 'రక్షిత కౌలుదారు' అన్న క్రొత్త హోదాను కల్పించినది. ఊరి లెక్కలలో దున్నేవాని పేరుకు చట్టబద్ధమైన చోటు దొరకినది.

ఆ సంస్థానంలోనే పరిశ్రమలు కూడా మొలకెత్తినవి. 1929లో పారిశ్రామిక నిధి ఏర్పడినది. 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు, 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలసినవి. బోధను ఉదాహరణ గమనించదగినది. 1931లో పూర్తయిన నిజాంసాగరు నీరు చెరుకును పెంచినది. చెరుకు కర్మాగారాన్ని పోషించినది. అక్కడ పరిశ్రమ పొలాన్ని తొలగించి రాలేదు, పొలంపై ఆధారపడి వచ్చినది. మిల్లు నడిచినన్నాళ్ళు రైతుకు ఏటేటా సంబంధం ఉండేది. 2015లో బోధను కర్మాగారం మూతబడినప్పుడు కార్మికునితో పాటు చెరుకు రైతు కూడా దిక్కులు చూడవలసి వచ్చినది. లాభంలో వాటా లేకపోయినా నష్టంలో మాత్రం వాటా తప్పలేదు.

శంషాబాదు ప్రాంతానికి వచ్చిన మార్పు బోధనుకు వచ్చినట్టిది కాదు. విమానాశ్రయానికి ఆ నేలపై పండే పంటతో పని లేదు. నేలతో మాత్రమే పని. అందుకు కావలసిన భూమిని ప్రభుత్వం సమకూర్చి నిర్వాహక సంస్థకు లీజుపై అప్పగించినది. ఆనాడు అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. ప్రజాప్రయోజనమని ప్రభుత్వం ప్రకటిస్తే చాలును. రైతు సమ్మతి అవసరం లేదు. ప్రకటననాటికి ఆ చుట్టుప్రక్కల రిజిస్టరైన క్రయపత్రాలను చూచి ధర కట్టడం, దానిపై నూటికి ముప్పది చొప్పున అదనంగా ఇవ్వడం ఆ చట్టపు పద్ధతి.

ఇందులోని మర్మం సులభంగానే తెలుస్తుంది. పల్లెలో క్రయపత్రంపై వ్రాసే వెల తరచుగా అసలు వెలకంటె తక్కువ. అది అట్లుండగా, విమానాశ్రయం వచ్చుననగానే దాని చుట్టుప్రక్కల నేలకు ధర పెరుగుతుంది. 2008 నవంబరులో బాహ్యవలయ రహదారిలో గచ్చిబౌలి - శంషాబాదు భాగం తెరచినారు. 2009లో మెహిదీపట్నం నుండి వచ్చే ఎత్తైన వంతెన బాట పూర్తి అయినది. ఒక్కొక్క బాట పడినప్పుడల్లా ఎకరం వెల ఎక్కుతూ పోయినది. ఈ పెరుగుదలకు మూలం తొలుత భూమి ఇచ్చినవాని పొలమే. కాని అతనికి ముట్టినది ప్రకటననాటి వెల. ఆ తరువాతి పెరుగుదల ప్రక్క పొలం వానిది, లేదా ప్రక్క పొలాన్ని ముందుగా కొన్నవానిది. విమానాశ్రయ సంస్థ ఏర్పడినప్పుడు ప్రైవేటు పక్షానికి 74, ప్రభుత్వ పక్షానికి 26 వంతున వాటాలు పంచినారు. తైవాను భూస్వామికి దక్కినట్టి వాటా మన రైతుకు ఆ పట్టికలో లేదు.

ఇదే మండలంలో ఇంకొక తీరు కూడా చూడవచ్చును. 1908 మూసీ వరద తరువాత నగర రక్షణకు, త్రాగునీటికి కట్టిన జలాశయాలు రెండు: 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగరు, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగరు. వాటిలోకి నీరు చేరే దారులను కాపాడడానికి 1996 మార్చిలో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు జారీ చేసినది. 84 గ్రామాలలో కర్మాగారాలు, పెద్ద కట్టడాలు కూడదన్నది. ఆ గ్రామాలలో పెక్కు శంషాబాదు మండలంలోనివి. 2022 ఏప్రిల్‌లో మరొక ఉత్తర్వుతో ఆ ఆంక్షలను తొలగించదలచినట్లు ప్రభుత్వం ప్రకటించినది. నగరానికి మంచినీరు అవసరం. ఉత్తర్వు ఉద్దేశం సరియైనదే. అయినా ఒక ఊరివాడు పొలం విడువక తప్పదన్నారు. పొరుగూరివాడు పొలాన్ని పొలంగానే ఉంచవలెనన్నారు. ఇద్దరి విషయంలోను నిర్ణయం నగరానిదే, ప్రయోజనం నగరానిదే. నగరం నీరు త్రాగినందుకు ఆ రెండవ రైతుకు ఏటేటా ఇంత అని ఎవరూ చెల్లించలేదు.

విమానాశ్రయం కొరకు పొలాలు అడిగి కష్టాలపాలైన దేశం జపాను. 1966 జూలైలో ఆ దేశపు మంత్రివర్గం టోక్యో నగరానికి తూర్పున సన్రిజుకా అనే చోట అంతర్జాతీయ విమానాశ్రయం కట్టాలని నిర్ణయించినది. అక్కడి రైతులలో యుద్ధానంతరం అడవి కొట్టి పొలం చేసుకొన్నవారు ఉన్నారు. వారిని ముందుగా సంప్రదించలేదు. ప్రతిఘటన రక్తపాతానికి దారి తీసినది. 1971లో ముగ్గురు పోలీసులు మరణించినారు. 1978 మార్చిలో, ప్రారంభానికి నాలుగు దినాల ముందు, విమానాలకు దారి చూపే గోపురంలోకి ఉద్యమకారులు చొరబడి యంత్రాలను ధ్వంసం చేసినారు. ఆ ఏడు మే 20న గాని నరితా విమానాశ్రయం తెరుచుకోలేదు. 1991లో ప్రభుత్వమూ రైతులూ ఒకే వేదికపై కూర్చొని చర్చించడం మొదలుపెట్టినారు. 1995లో జపాను ప్రధాని మురయామా ప్రభుత్వం చేసిన తప్పుకు రైతులకు క్షమాపణ చెప్పినాడు. 2002లో తెరచిన రెండవ రన్‌వేను 2,500 మీటర్లకు బదులు 2,180 మీటర్లకే ముగించవలసి వచ్చినది. ఇవ్వనన్నవారి పొలాలు అడ్డు నిలిచినవి. అడిగి ఉంటే కొన్ని నెలలలో తేలగల విషయం దశాబ్దాలు పట్టినది. సంపన్న దేశానికి కూడా ఈ లెక్క తప్పలేదు.

మన దేశంలో చట్టం మారినది. 2013లో వచ్చి 2014 జనవరి 1 నుండి అమలైన క్రొత్త భూసేకరణ చట్టం పల్లెలలో పరిహారాన్ని మార్కెటు వెలకు నాలుగు రెట్లవరకు పెంచినది. ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలోని పథకాలకు 70 శాతం కుటుంబాల సమ్మతి ఉండవలెనన్నది. భూమి లేకపోయినా ఆ భూమిపై మూడేండ్లుగా బ్రతికిన కౌలుదారును, కూలిని కూడా నష్టపోయినవారిగా గుర్తించినది. 1894 చట్టం చూడని మనుషులను ఈ చట్టం చూచినది.

అమరావతి రాజధాని కొరకు 2015లో ఆంధ్రప్రదేశ్ ఇంకొక పద్ధతిని అవలంబించినది. 29 గ్రామాల పరిధిలోని రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణ క్రింద ఇచ్చినారు. మెట్ట ఎకరానికి వేయి గజాల నివాసస్థలం, 250 గజాల వాణిజ్యస్థలం. పదేండ్లపాటు ఏటేటా కౌలు. భూమి లేని కూలి కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను. పెరుగబోయే వెలలో రైతుకు పాలు ఇవ్వడమే ఇందులోని సూత్రం. అయితే 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వెలువడగా ఆ స్థలాల విలువ గాలిలో దీపమైనది. రైతులు ఏండ్ల తరబడి దీక్షలు సాగించినారు. 2024లో ప్రభుత్వం మారిన తరువాత పనులు తిరిగి ఆరంభమైనవి. పొలానికి బదులు భవిష్యత్తులో వాటా తీసుకొన్నవానికి ప్రభుత్వాలు మారినా మాట మారకూడదు. అట్టి భరోసా లేనిచోట వాటా పత్రంకంటె చేతిలోని నగదే మేలని రైతు అనుకొంటే అతనిని తప్పు పట్టలేము.

ఇంకొక భేదం మన దేశానిది. ఇంగ్లండులో, జపానులో దేశాదాయంలో వ్యవసాయం వంతు తగ్గిన కొద్దీ పొలంపై బ్రతికేవారి సంఖ్య కూడా తగ్గుతూ వచ్చినది. ఆ జనాన్ని కర్మాగారాలు ఇముడ్చుకొన్నవి. మనకు స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏండ్లలో ఆదాయంలో సగం వ్యవసాయానిదే. పనిచేసేవారిలో నూటికి 70 మంది అందులోనే. నేడు ఆదాయంలో ఆ వంతు 18 శాతం ప్రాంతానికి దిగినది. పనివారిలో మాత్రం సుమారు 45 శాతం ఇంకా అక్కడే ఉన్నారు. పొలం త్వరగా పోతున్నది, పని మెల్లగా వస్తున్నది. శంషాబాదు ఆవరణలో నేడు విమానాల ఇంజన్లను మరమ్మతు చేసే శాలలు, మందులను చల్లగా నిలువచేసి పంపే సరుకు గిడ్డంగులు ఉన్నవి. వాటికి కావలసినది నాగలి పట్టిన చేయి కాదు, ఏండ్ల తరబడి శిక్షణ పొందిన చేయి. ఆ శిక్షణ లేనివానికి మిగిలేది కావలి, ఊడ్పు, బరువులెత్తడం. కనుక పొలం అడిగేనాడే ఆ ఇంటి పిల్లల చదువును కూడా ఒప్పందంలో చేర్చవలసి ఉన్నది.

చివరకు ప్రశ్న మళ్ళీ పత్రం దగ్గరకే వస్తుంది. 2018లో తెలంగాణ ప్రభుత్వం పంటకు ఎకరానికి 4,000 రూపాయల చొప్పున రైతుబంధు సాయం మొదలుపెట్టినప్పుడు అది పట్టాదారుకే చేరినది, కౌలుదారుకు కాదు. కంచెలు వేసిననాటి ఇంగ్లండులోను ఇదే జరిగినది: వాడుక ఓడినది, పత్రం గెలిచినది. నగరం ఇంకా దక్షిణానికి పెరుగుతూనే ఉన్నది. మరికొన్ని ఊళ్ళ పొలాలు రేపు చేతులు మారనున్నవి. అప్పుడు ధర నిర్ణయించే అధికారి చేతిలో ఉండేది ఊరి లెక్కల పుస్తకం. ఆ పుస్తకంలో దున్నేవాని పేరు, కౌలుదారుని పేరు, కూలివాని కుటుంబం పేరు ముందుగానే ఎక్కించి ఉంచగలిగితే ఇతర దేశాలు ఆలస్యంగా చెల్లించిన మూల్యం మనకు తప్పగలదు. ఆ పని పొలం పోయిన తరువాత చేయదగినది కాదు.